వెర్షన్ మార్చని నాగబాబు

నాగబాబు తన సర్వర్లో సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ ఎక్కించిన రోజున, ఝాన్సమ్మ నడిపే పెళ్లిసంబంధాల వెబ్‌సైట్లో పెళ్లికొడుకుల పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. ఎచ్చెర్ల నుంచి ఒకాయన ఫోన్ చేసి, వరసగా నాలుగు ప్రశ్నార్థకాలున్న అబ్బాయి నచ్చాడనీ, గోత్రం చెప్పమనీ అడిగాడు.

నరసన్నపేటలో జిరాక్స్ షాపు పక్కగదిలో కూర్చుని, చుట్టుపక్కల ఊళ్ల వాళ్ల వెబ్‌సైట్లను తన సర్వర్లో పెట్టి నడిపేవాడు నాగబాబు. పాత వెర్షన్ మళ్లీ పెట్టి పేర్లయితే రప్పించాడు గానీ, అప్పట్నుంచీ అతనికి కొత్త వెర్షనంటే వణుకు. ‘అప్‌డేట్ చేయండి’ అని తెరమీద కనిపిస్తే కుర్చీ వెనక్కి జరుపుకునేవాడు. పొరపాటున ఏదైనా నొక్కేస్తుందేమోనని భార్య అనూరాధను కీబోర్డు మీద దుమ్ము కూడా దులపనిచ్చేవాడు కాదు.

2017లో, పాత వెర్షన్లున్న సర్వర్లలోకి దొంగలు దూరుతున్నారని పేపర్లో పడింది. ఝాన్సమ్మ ఆ పేపరు పట్టుకుని ఆటో దిగింది.

“ఒరే నాగబాబూ, ఆడపిల్లల ఫొటోలు, ఫోన్ నంబర్లు నీకాడే ఉన్నాయి. ఎవుడైనా ఎత్తుకుపోతే ఆళ్ల అమ్మాబాబులకి నానేటి సెప్పాలి? మార్సేయిరా!”

“మారిస్తే సైటే పోతాదేమోనమ్మా!”

“మార్సకపోతే పిల్లల పరువే పోతాదిరా!”

నాగబాబు మౌస్ మీద చెయ్యి వేశాడు. మెల్లగా చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఝాన్సమ్మకు ఒళ్లు మండింది. “నీ సెల్లి నంబరూ ఆటిలోనే ఉన్నాది కదరా, నీకు బయ్యం నేదేటి?”

“అది నిన్ననే తీసేసినానమ్మా.”