ఎదురు తలుపు మీది దిష్టిబొమ్మ

నాకు బుద్ధి తక్కువని ఒప్పుకోవడం పెద్ద కష్టం కాదు, అలవాటైన పనే. కొండాపూర్‌లో సొంత ఫ్లాట్ కొనేటప్పుడు వాస్తు మాత్రం శ్రద్ధగా చూసుకున్నాను. తూర్పు గుమ్మం, ఆగ్నేయంలో వంటిల్లు, అన్నీ కుదిరాయి. ఆ తర్వాత ఎదురింటికి వెళ్ళి వాళ్ళ వస్తువుల్ని మెచ్చుకున్నాను. వాస్తు చూసి కొన్నవాణ్ణి వస్తువులు చూసి చెడ్డాను.

మాదాపూర్‌లో, మియాపూర్‌లో అద్దె ఇళ్ళు మారుతూ బతికినన్నాళ్ళూ, ఎదురింట్లో ఎవరున్నారో తెలిసేలోపే మళ్ళీ సామాను కట్టుకోవాల్సి వచ్చేది. ఇకమీదట అలా ఉండదని మా ఆవిడ గట్టిగా నమ్మింది. కూరగిన్నె ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక గుమ్మం, పేరంటానికి పిలిచే ఒక మనిషి. సొంతిల్లంటే ఆమెకు అదే. గృహప్రవేశం అయిన మర్నాడే స్వీటు డబ్బా పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఎదురింటికి బయల్దేరింది.

ఎదురింటాయన కడప వైపు మనిషి. స్థలాల వ్యాపారం, మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి కూడా. "రాండి సార్, రాండి" అంటూ ఆదరంగా కూర్చోబెట్టాడు. మా గోదావరి వైపు ఎవరింటికైనా వెళితే నాలుగు మంచిమాటలు అనడం మర్యాద. నేను నాలుగుతో ఆగలేదు. సోఫా బాగుందన్నాను, పూజగది తలుపు బాగుందన్నాను. హాల్లో వేలాడే గాజు దీపాల గుత్తి కింద నిలబడి, తల పైకెత్తి, "అబ్బ! ఇలాంటిది నేనెక్కడా చూడలేదండీ!" అన్నాను. అప్పుడే ఆయన భార్య మొహంలో నవ్వు మాయమైందట. మా ఆవిడ తర్వాత చెప్పింది. నేను దీపాలు చూస్తున్నాను కదా, మొహాలు కనబడలేదు.

రెండు రోజుల తర్వాత తలుపు తీస్తే, ఎదురు తలుపు మీద నాలుక చాపిన దిష్టిబొమ్మ. పక్కనే బూడిద గుమ్మడికాయ. బొమ్మ కోరలతో సహా నావైపే చూస్తోంది. ఈ అంతస్తులో నన్ను కళ్ళెత్తి చూసింది అదొక్కటే.

సంగతి రెండిళ్ళలోనూ పనిచేసే ఆమె చెప్పింది.

"అమ్మా, జర సార్‌కు చెప్పుండ్రి, ఇగ ఎవలింట్ల ఏం మెచ్చుకోవద్దని. మీరొచ్చి పోయిన తెల్లారే గా గాజు దీపాలు కింద వడి పలిగినయంట. సార్ కండ్లు మంచియి కావని అందరు చెప్పుకుంటున్నరు."

"కొక్కెం సరిగ్గా బిగించి ఉండరు" అన్నాను.

"ఏమో సార్. బొమ్మనైతే కొక్కేనికి కట్టలే, మీకు కట్టిండ్రు."

ఆ తర్వాత లిఫ్టులో నేను ఎక్కితే తల్లులు పసిపిల్లల మొహాల మీదికి కొంగు లాగేవాళ్ళు. మాటలు ఆగిపోయేవి. అంతా నవ్వుతూ భరించాను, శ్రావణ శుక్రవారం వచ్చేదాకా. ఆ సాయంత్రం మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, తలుపు ఓరగా తెరిచి కూర్చుంది. ఎదురింటావిడ కుంకుమ భరిణె పట్టుకుని ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగి, వాయనానికి పిలిచి, మా గుమ్మం మాత్రం దాటేసి వెళ్ళిపోయింది. చాలాసేపటికి మా ఆవిడ తలుపు వేసి, చీర మడతపెడుతూ, "అద్దింట్లోనే నయమండీ. పిలవకపోతే కొత్తవాళ్ళం కదా అనుకునేవాళ్ళం" అంది.

నాకు గృహప్రవేశమే అయింది, మనుషుల్లోకి ప్రవేశం కాలేదని అప్పుడు అర్థమైంది.

ఆ ఆదివారం సెల్లార్‌లో కార్యదర్శిగారి కొత్త కారుకు పూజ. చక్రాల కింద నిమ్మకాయలు, చుట్టూ మా అంతస్తు వాళ్ళంతా. నన్ను చూడగానే దారి ఇచ్చారు. గౌరవం అనుకోవడానికి వీల్లేదు. ఆయన చటుక్కున కారుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఏం సార్, అట్ల చూస్తాండారు?"

నేను తొందరపడలేదు. ఆయన్ని తప్పించుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాను. వంగి దీపాలు చూశాను. బానెట్ మీద చెయ్యి వేసి నిమిరాను. వాళ్ళు నాకిచ్చిన పేరును మొదటిసారి వాడుకుంటూ, అందరికీ వినబడేలా అన్నాను:

"అబ్బ! ఇలాంటిది నేనెక్కడా చూడలేదండీ!"

నిజానికి అలాంటివి మా సెల్లార్‌లోనే మూడున్నాయి. అయినా నేను లిఫ్టు ఎక్కేసరికి ఆయన ఇంకో గుమ్మడికాయ తెమ్మని వాచ్‌మన్‌ను పరుగెత్తిస్తున్నాడు.