మందాకిని పక్కన ఎవరూ లేరు

వానలు మొదలైతే పులికాట్ మీదుగా వచ్చే గాలికి సూళ్లూరుపేటలో మా ఇంటి గోడలు చెమ్మగిల్లుతాయి. మొన్న ఆదివారం ఆరాధనకు బయలుదేరుతూ పాటల పుస్తకం కోసం బీరువా తెరిచాను. ఉప్పుగాలికి మెత్తబడిన కాగితం వాసన ఒక్కసారిగా మొహానికి కొట్టింది. కాస్త పుల్లగా, నాచు కలిసినట్టుండే వాసన. అది తగిలితే చాలు, ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోయే దారిలోని మా ఊరు, ఆ ఊళ్లో మార్తమ్మ టీచరు వసారా, ఆ వసారాలో చాప మీద కూర్చున్న నేను, అన్నీ కళ్ల ముందుకు వస్తాయి. ఆ వెంటనే సిగ్గు వస్తుంది. ఆమె తలపుకు వచ్చినప్పుడల్లా ముందు కృతజ్ఞత, దాని వెనకే సిగ్గు. ఇన్నేళ్లలో ఆ రెండూ విడివిడిగా వచ్చిన రోజు లేదు.

మార్తమ్మ గారు మా పక్కింటావిడ. భర్త పోయాక, టీచరు ఉద్యోగం కూడా అయిపోయాక ఒక్కతే ఉండేది. చిన్నప్పుడు నాకు కీళ్ల జ్వరం వచ్చి గుండెకు పట్టింది. పిల్లను దూరం నడిపించవద్దని నెల్లూరు డాక్టరు చెప్పడంతో నాకు బడి లేకుండా పోయింది. మా అమ్మ ఏడుస్తుంటే ఆమె గోడ అవతలి నుంచి, "దానికెందుకు ఏడుపు? పిల్లను నా వసారాలో వదిలిపెట్టు. నాకూ పొద్దుపోవాల గదా" అన్నదట. నాకు వచ్చిన చదువంతా ఆ వసారాలో వచ్చిందే. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోని మనిషి ఆమె. అమ్మ ఎప్పుడైనా చేపల పులుసు పంపితే మాత్రం వద్దనేది కాదు.

సముద్రపు గాలికి ఆమె పుస్తకాలు ఉబ్బిపోయేవి. ఎండ కాసిన రోజున వాటిని ఇంటి ముందు గోనెపట్టా మీద తెరిచి పరిచేది. ఆ దారినే గంపలెత్తుకుని పోయే చేపలమ్మేవాళ్లు ఆగి ఎగతాళి చేసేవాళ్లు.

"ఏం టీచరమ్మా, ఈ తూరి సరుకు బాగా పడినట్టుండాదే! కిలో ఎంత?"

"మీ దానికన్నా కంపు తక్కువ. తీసుకుపోండి" అనేది ఆమె, కొంచెమైనా నవ్వకుండా.

ఆమె చదువు చెప్పే పద్ధతి ఒకటుండేది. పాఠం చదివాక కథ నా మాటల్లో చెప్పమనేది. నేను చెబుతుంటే మధ్యలో ఆపి, "యాడుందో చూపించు" అనేది. ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించాలి. ఒకసారి ఎద్దును అమ్ముకున్న రైతు కథ చెబుతూ, రైతు దారిపొడుగునా ఏడుస్తూ ఇంటికి పోయాడని చెప్పాను. వేలు పెట్టమంది. పేజీ అంతా వెతికాను. సంతలో ఎద్దును అమ్మి ఇంటికి పోయాడని ఉంది తప్ప ఏడ్చాడని ఎక్కడా లేదు.

"ఆయన ఏడవలా. ఏడ్చింది నువ్వు" అంది. "ఏడవడం తప్పు కాదు. నీ ఏడుపు తీసుకపోయి ఆయన కండ్లల్లో పెట్టబాక."

అప్పట్లో నాకది చాదస్తంగా అనిపించేది. చదవడమంటే అక్షరాలకు కాపలా కాయడమా అని లోపల విసుక్కునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ విసుగుకు కూడా సిగ్గేస్తుంది.

నాకు ఇరవై దాటిన ఏడాది ఆమె నెల్లూరులో పాత పుస్తకాల కుప్పలోంచి ఒక నవల తెచ్చింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. దాని పేరేమిటో, రాసిందెవరో మాకు ఎప్పటికీ తెలియలేదు. అందులో మందాకిని అని ఒక పిల్ల. వాళ్ల ఊళ్లో ఏటి మీద వంతెన కట్టడానికి వచ్చిన ఇంజనీరు ఒకరోజు వాళ్లింట్లో మంచినీళ్లు తాగి, "వంతెన పూర్తయ్యాక మళ్లీ వస్తాను" అంటాడు. ఆ మాట పట్టుకుని మందాకిని బతుకంతా కట్టుకుంటుంది. వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొడుతుంది. అతను జాబు రాయకపోతే తన పేరు బయటపడకూడదని రాయలేదనుకుంటుంది. చాలా ఏళ్లకు అతను పెళ్లాన్ని, పిల్లల్ని వెంటబెట్టుకుని వంతెన చూపించడానికి వస్తాడు. దారి అడుగుతాడు. అడిగింది మందాకినినే. గుర్తుపట్టడు. ఆమె మాత్రం, భార్య ముందు నన్ను కాపాడడానికే తెలియనట్టు నటించాడు, ఎంత ప్రేమ లేకపోతే అలా చేస్తాడు అనుకుంటుంది. ఆ వాన కాలంలో ఏరు పొంగుతుంటే, అతను తన కోసం ఒంటరిగా వస్తాడని వంతెన కింద నిలబడి నీళ్లలో కొట్టుకుపోతుంది.

నేను ఆ పుస్తకం మీద పడి ఏడ్చాను. మార్తమ్మ గారు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది.

"ఎంత ప్రేమ టీచర్ ఆమెది!" అన్నాను.

"ఎవరి మీద?"

"ఇంజనీరు మీద."

"ఆయన ఇష్టపడినట్టు యాడుందో చూపించు."

నేను పేజీలు తిప్పాను. నీళ్లు తాగాడు. వంతెన పూర్తయ్యాక వస్తానన్నాడు. వచ్చాడు కూడా. అంతకు మించి అతను ఒక్క మాట అనలేదు. మిగతాదంతా మందాకిని అనుకున్నదే. "ప్రేమంటే నమ్మడమే గదా టీచర్" అన్నాను మొండిగా.

"నమ్మాలంటే ఎదటి మనిషి ఒక మాట ఇచ్చుండాల. ఇయ్యని మాటను నమ్ముకునే పిల్లను చూసి జాలి పడతాను గానీ మెచ్చుకోను" అంది. కళ్లజోడు పెట్టుకుని, "ఇంజనీరు ఎట్ల నవ్వుతాడో కూడా ఆ పిల్లకు తెలీదు మే. తెలుసుకోవాలని కూడా అనుకోలా. ఆమెకు ఆయనతో పని లేదు" అని పుస్తకం మూసింది.

ఆ మాటలు నా చెవికెక్కలేదు. ఎందుకంటే అప్పటికే మా నాయన చూసుకునే రొయ్యల గుంటలకు మేత కంపెనీ తరఫున సురేష్ అనే అబ్బాయి వచ్చి పోతున్నాడు. నీళ్లు పరీక్ష చేసేవాడు, రొయ్యల ఎదుగుదల చూసేవాడు, మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి పోయేవాడు. గుంట గట్టు మీద నడుస్తూ మేం చర్చిలో పాడుకునే పాట ఒకటి కూనిరాగం తీస్తుంటే విన్నాను. ఒకరోజు, "మీ చర్చి యాడక్కా?" అని అడిగాడు. మా పెళ్లి అక్కడే జరుగుతుందని ఆ రాత్రికి తేల్చుకున్నాను. మొదటి రోజు నుంచీ అతను నన్ను అక్కా అనే పిలిచాడు. ఇంట్లో పెద్దవాళ్లున్నారు కాబట్టి అలా పిలుస్తున్నాడని దానికీ ఒక అర్థం చెప్పుకున్నాను. అతను వచ్చే రోజున మజ్జిగలో అల్లం నూరి వేసేదాన్ని. బాగుందంటూ గ్లాసు తిరిగి ఇచ్చేవాడు. ఆ ఒక్క మాటతో వారమంతా గడిచిపోయేది.

ఇంతటితో ఆగి ఉంటే అది వయసు చేసిన పనని నవ్వి ఊరుకునేదాన్నేమో. నేను దేవుణ్ణి కూడా ఇందులోకి లాగాను. కొత్త సంవత్సరం ఆరాధనలో మా సంఘంలో అందరూ బుట్టలోంచి బైబిల్ వాక్యం రాసిన ఒక వాగ్దాన కార్డు తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అని దాన్ని దాచుకుంటారు. చెయ్యి పెట్టేముందు, "సురేష్ నా వాడైతే మంచి వాక్యం రానీ ప్రభువా" అని ప్రార్థించాను. ఆ బుట్టలో చెడ్డ వాక్యం ఒక్కటీ ఉండదని నాకు తెలియదా? మనసు కోరినది దయచేస్తానన్న అర్థం వచ్చే వాక్యం వచ్చింది. ఆ కార్డును నా బైబిల్లో దాచుకున్నాను.

ఆ నెలలోనే సూళ్లూరుపేట నుంచి సంబంధం వచ్చింది. స్టేషను దగ్గర మోటారుసైకిళ్లు బాగుచేసే దుకాణమున్న దయాకర్ అనే అబ్బాయి. నా గుండె సంగతి చెప్పినా వెనక్కి తగ్గని మనుషులు. నాయన మొహంలో అంత వెలుగు నేను ముందెప్పుడూ చూడలేదు. నేను వద్దన్నాను. దేవుడు నాకు వేరే మనిషిని చూపించాడన్నాను. అంతటితో ఆగక, స్త్రీల ప్రార్థన కూడికలో, దేవుడు చేసిన మేలును అందరికీ చెప్పుకునే సాక్ష్యానికి లేచి, జరగబోయే మేలుకు ముందుగానే స్తోత్రం చెల్లిస్తున్నానని అందరి ముందు చెప్పాను. ఎవరని అడిగితే తల దించుకుని నవ్వాను. మా ఇంటికి ఎవరొచ్చి పోతున్నారో ఊరందరికీ తెలుసు.

కూడిక అయ్యాక మార్తమ్మ గారు నన్ను పక్కకు పిలిచింది. "ఆ అబ్బాయి ఏమన్నాడు? మాటకు మాట చెప్పు" అంది.

"మజ్జిగ బాగుందన్నాడు" అన్నాను. ఆ మాట పైకి అన్నప్పుడు ఎంత చిన్నదో నాకు వినిపించింది. వినిపించినందుకే కోపం వచ్చింది. "నాకు వాక్యం వచ్చింది టీచర్. మీకు వాక్యం మీద నమ్మకం లేదు" అన్నాను.

నాకు వాక్యం చదవడం నేర్పిన మనిషితో ఆ మాట అన్నాను. ఆమె చెప్పులు వేసుకుని ఇంటికి పోయింది.

ఎండలు ముదిరే నాటికి సురేష్ పెళ్లి కార్డు తెచ్చాడు. మార్తమ్మ గారు అప్పుడు మా అరుగు మీదే ఉంది. "అక్కా, మీరంతా తప్పకుండా రావాల" అని కార్డు నా చేతికే ఇచ్చాడు. అతను వెళ్లాక నేను ఆమెతో అన్న మాట ఇది: "చూశారా టీచర్, ఇచ్చేటప్పుడు చెయ్యి ఎట్ల వణికిందో? ఇంట్లోవాళ్లు బలవంతం చేసుంటారు." ఆ మాట అంటున్నది నేనేనని ఇప్పుడు నమ్మాలనిపించదు.

ఆమె వాదించలేదు. "పోదాం పా. పిలిచినాడు గదా" అంది.

నెల్లూరులో పెళ్లి. బస్సులో, తర్వాత ఆటోలో పోయాం. హాల్లో ఆమె నా మోచెయ్యి పట్టుకుని వరసలో నిలబెట్టింది. వేదిక మీద సురేష్ మమ్మల్ని చూసి పెళ్లికూతురి వైపు తిరిగాడు. "నేను చెప్పలా, మైపాడు రూట్లో ఒక అక్క ఉండాది, ఎండలో పోతే మజ్జిగ ఇస్తాదని? ఈ అక్కే!"

"ఎప్పుడూ మీ మజ్జిగ సంగతే అక్కా" అని నవ్విందా అమ్మాయి. "నాకూ నేర్పించండి, లేకుంటే నా బతుకు కష్టం."

అతను కళ్లు దించుతాడేమోనని చూశాను. దించలేదు. నన్ను దాటి వెనకెవరికో చెయ్యి ఊపి, "రేయ్, ఇప్పుడా వచ్చేది!" అని అరిచాడు. మొహం నిండా చెమట, సంతోషం. అతను అంత గట్టిగా, చిన్నపిల్లవాడిలా నవ్వుతాడని నాకు ఆ రోజే తెలిసింది. అల్లం నూరి వేస్తానని చెప్పాను ఆ అమ్మాయికి. ఇంకేం చెప్పానో గుర్తులేదు.

తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. ఊరు దగ్గరపడుతుంటే ఆపుకోలేక అడిగాను. "మీకు ముందే తెలుసు గదా. నా సిగ్గు చూడాలని తీసుకొచ్చారా?"

"నువ్వు ఒక్కదానివే చూడకూడదని తీసుకొచ్చినా" అంది. "మందాకిని పక్కన ఎవరూ లేరు మే. ఆ రాసినాయన ఎవరినీ పెట్టలా. ఒక మనిషి ఉండుంటే ఆ పిల్ల నీళ్లల్లోకి పోయేది కాదు. అంతకన్నా తేడా ఏం లేదు నీకూ ఆమెకూ."

ఇంటికి పోయి నాయనతో సూళ్లూరుపేటకు కబురు పంపమన్నాను. ఆయన కబురు పంపలేదు, తానే పోయాడు. అక్కడ వాళ్లు, "దేవుడు వేరే మనిషిని చూపించినాడన్నారంట గదా?" అని అడిగారట. "చూపించింది దేవుడు కాదులేండి, మా బిడ్డ చూసుకున్నింది" అన్నాడట నాయన, తల వంచుకుని. నా కోసం ఆయన వంచిన ఆ తల నా సిగ్గులో పెద్ద భాగం. అంత జరిగినా వాళ్లు ఒప్పుకున్నారు. దేవునికి స్తోత్రం. పెళ్లయిన కొత్తలో దయాకర్ ఒకసారి, "సాక్ష్యం చెప్పినావంట గదా? ఈ తూరి లేచేముందు నాకొక మాట చెప్పు, కొత్త చొక్కా వేసుకుంటా" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అతను మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

మార్తమ్మ గారు పోవడానికి కొద్ది నెలల ముందు చూడబోయాను. చూపు బాగా తగ్గింది. నా చెయ్యి పట్టుకుని వేళ్లు తడిమింది. ఇంత కాలం లోపల పెట్టుకున్నది అప్పుడు చెప్పాను. "టీచర్, మీకు నమ్మకం లేదన్నాను. క్షమించండి."

"అన్నావా?" అంది. "నాకు గుర్తులేదే."

ఆ మాటతో నేను ఇప్పటికీ అవస్థ పడుతున్నాను. నా మనసు నొప్పించకూడదని మరిచిపోయినట్టు నటించింది, అదే ఆమె నన్ను క్షమించిన తీరు అనుకోవాలని ఉంటుంది. అలా అనుకుంటే హాయిగా ఉంటుంది. కానీ అలా అనుకోవడానికి నా దగ్గర ఆమె ఇచ్చిన మాట ఏదీ లేదు. నిజంగానే మరిచిపోయిందేమో. లేదా బాగా గుర్తుండి, క్షమించలేదేమో. నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. ఆమె పోయాక సమాధి దగ్గర సాక్ష్యం చెప్పమని సంఘం వాళ్లు నన్ను అడిగారు. ఆమె క్షమించిందని చెప్పలేదు. ఆమె నాకు చదువు చెప్పిందని మాత్రం చెప్పి కూర్చున్నాను.

ప్రార్థనలో ఇప్పటికీ నాకు కావలసినవి అడుగుతాను. పిల్లల చదువు, దయాకర్ ఆరోగ్యం, ఆమె నన్ను క్షమించి ఉండాలన్నది కూడా. ఇది నా కోరిక ప్రభువా, నీ మాట కాదు అని ముందే చెప్పుకుని అడుగుతాను. అడిగి ఊరుకుంటాను. ఊరుకోవడం ఇంకా సరిగ్గా చేతకాలేదు.