నిప్పుకు బెదరని చేయి

2022 వేసవి. కరోనా ఆపేసిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర రెండు గదుల్లో నా ఫిజియోథెరపీ క్లినిక్. ఆ సీజన్లో పెళ్ళి పనులతో నడుమో భుజమో పట్టేసినవాళ్ళే ఎక్కువగా వచ్చారు. అందరికీ కావలసింది ఒకటే, ఎర్ర లైటు.

ఎర్ర లైటంటే ఇన్‌ఫ్రారెడ్ ల్యాంప్. దాని వేడికి చర్మం కింద రక్తప్రసరణ పెరిగి, బిగిసిన కండరం కాస్త వదులవుతుంది. అంతకు మించి అందులో మహత్తు ఏమీ లేదు. కానీ మావాళ్ళకు వెచ్చదనం చాలదు, చురుక్కుమనాలి. "జర దగ్గరికి జరుపు మేడం, కాలకుంటె నొప్పెట్ల పోతది?" అంటూ ల్యాంప్‌ను వాళ్ళే మీదికి లాక్కుంటారు. ఇక చాలని చెప్పాల్సింది రోగి చర్మమే కాబట్టి, లైటు వేసే ముందు ఒక పరీక్ష చేస్తాం. ఒక గాజు గొట్టంలో వేడినీళ్ళు, ఇంకోదాంట్లో చల్లనీళ్ళు పోసి, కళ్ళు మూసుకోమని, చర్మానికి ఒక్కోటీ తాకించి ఏదో చెప్పమంటాం. పనెక్కువగా ఉన్నప్పుడు చాలా క్లినిక్కుల్లో ముందుగా ఎగిరిపోయేది ఈ పరీక్షే. నాకు మాత్రం దాని మీద పట్టుదల. ఆ పట్టుదల గురించి నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

జహంగీర్ మాస్టర్ మోచేయి నొప్పితో వచ్చారు. పేరు మార్చి రాస్తున్నాను. బిజినేపల్లి వైపు పెళ్ళిళ్ళలో బగారన్నం, దాల్చా అంటే ఆయనే. రాగానే నా బల్ల మీద ఒక స్టీలు డబ్బా పెట్టారు.

"పొద్దుగాల పెండ్లిది మేడం. మీరు తిని చెప్పాలె."

డబ్బా వెచ్చగా ఉంది. నేను ఆకలి మీద ఉన్నాను. అక్కడే రెండు ముద్దలు తిని, "మాస్టర్, మీ చేతిలో ఏదో ఉంది" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అందరు గదే అంటరు. పొయ్యి మీంచి డేగిషా దించేటప్పుడు నేను గుడ్డ పట్ట మేడం. ఉత్త చేతులే. జహంగీర్ చేయి నిప్పుకు బెదరదని ఊరంత అంటది."

అంత ఎండలోనూ ఆయన మణికట్టు దాకా చొక్కా తొడుక్కుని ఉన్నారు. చొక్కా చెయ్యి పైకి మడవమంటే కాస్త తటపటాయించారు. మడిచాక కళ్ళు మూసుకోమని గొట్టాలు తాకించాను. వేడి అన్నారు, చల్ల అన్నారు, వేడి, చల్ల, వేడి. అన్నీ సరిపోయాయి. అయితే ప్రతి జవాబుకీ ముందు ఒక్క క్షణం ఆగుతున్నారు. నేను వరస మార్చి, వేడి గొట్టాన్నే రెండోసారి తాకించాను.

"చల్ల" అన్నారు.

మళ్ళీ అదే వేడి గొట్టం పెట్టాను.

"వేడి."

ఆయన చేత జవాబు చెప్పిస్తున్నది చర్మం కాదు, ఒకటి విడిచి ఒకటన్న లెక్క. ల్యాంప్ స్విచ్చి జోలికి వెళ్ళకుండా చేతిని వెలుతురులోకి తిప్పి చూశాను. ముంజేతి మీద రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ. చిటికెన వేలి పక్కన ఆయనకే తెలియని పాత బొబ్బ. మోచేయి లోపలి వైపు నరం జనపతాడులా గట్టిగా వేళ్ళకు తగిలింది. ఊరంతా పొగిడిన చేతికి స్పర్శే లేదు.

"ఇట్ల ఎన్నాళ్ళ నుంచి ఉంది మాస్టర్?"

ఆయన కళ్ళు తెరవలేదు. "నాకు తెల్సు మేడం అదేందో. మా కాక గట్లనే పోయిండు. ఊరవతల గుడిసెల. ఎవలకు చెప్పకండి. నా చేతి కూడు ఎవడు తింటడు?"

కుష్ఠుకు మందు ఉందని, ప్రభుత్వ దవాఖానలో ఉచితంగా ఇస్తారని, నరం వాపు తగ్గించకపోతే వేళ్ళు వంకరపోతాయని చెప్పాను. చేతితో తాకినంత మాత్రాన, ఆయన వండింది తిన్నంత మాత్రాన అంటుకోదని కూడా చెప్పాను. అన్నీ సరిగ్గానే చెప్పాను. చెప్పి లేచి, మూలనున్న సింకు దగ్గరికి వెళ్ళి సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నాను. నురుగు పోయాక మళ్ళీ సబ్బు అందుకున్నాను. మోచేతుల దాకా రుద్దుకున్నాను. తలెత్తితే, సింకు మీది అద్దంలో ఆయన నన్నే చూస్తున్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. కరోనా అలవాటని చెప్పవచ్చు. ఆ రాత్రంతా నాకు నేను అదే చెప్పుకున్నాను. కానీ ఆయనకంటే ముందు వచ్చిన నడుము నొప్పి ఆమెను ముట్టుకున్నాక నేను అలా రుద్దుకోలేదు.

ఆయన చొక్కా చేతులు దించుకుని, గుండీలు పెట్టుకుని, బల్ల మీది డబ్బాకు మూత పెట్టారు.

"మీరు పారేస్తరు గద. నేనే తీస్కపోత" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. ఉంచండి మాస్టర్ అనకుండా తలుపు తీసి పట్టుకున్నాను.

వారం దాటినా ఆయన నుంచి ఏ కబురూ లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అడ్రసు కనుక్కుని బిజినేపల్లి వెళ్ళాను. వాకిట్లో డేగిషాలు బోర్లించి ఉన్నాయి. ఆయన భార్య రజియా కుర్చీ వేసి చాయ్ తెచ్చింది. నేను గ్లాసు అందుకుని చివరి చుక్క దాకా తాగాను. అవసరానికి మించిన ఇష్టంతో తాగాను. ఆయన ఖాళీ గ్లాసు వైపు చూసి అడిగారు.

"ఇదిగూడ పరీక్షనేనా మేడం?"

నేను చూపించుకోవడానికే తాగానని ఆయనకు తెలిసిపోయింది.

దవాఖానకు వెళ్ళి గోలీలు మొదలుపెట్టారట. నేను ఊపిరి పీల్చుకున్నాను. మరి వంటలు ఎందుకు ఆపారని అడిగాను. రజియా నాకంటే ముందే అందుకుంది.

"డాక్టర్ సాబ్ వండుకొమ్మన్నడమ్మా. మందు పడ్డంక ఏం గాదన్నడు. ఈయననే వినకుంట గిట్ల కూసున్నడు. ఒప్పుకున్న పెండ్లిళ్ళన్ని ఇడిసిపెట్టిండు. మీరన్న చెప్పుండ్రి."

"ఏం చెప్తది?" అన్నారాయన మెల్లగా. "అంటుకోదని మేడంకు తెల్వదా? నాకు చెప్పిందే మేడం. తెల్సి గూడ కడుక్కునె. తెల్వనోల్లు ఏం జేస్తరు?"

"తప్పయింది మాస్టర్" అన్నాను. నా దగ్గర ఉన్నది అదొక్కటే.

"అయ్యో, మిమ్ముల అంటలేను మేడం. భయం ఎవలకైన భయమే" అన్నారు. ఆ ఓదార్పు కంటే తిట్టినా బాగుండేది. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆ సీజనంతా ఆయన గరిటె పట్టలేదు.

ఆ తర్వాత నా పనిలో ఒక్కటి మార్చుకున్నాను. ఎవరిని తాకే ముందైనా, తాకిన తర్వాతైనా, నొప్పి ఏదైనా సరే, వాళ్ళ ఎదురుగానే ఒకే తీరుగా చేతులు కడుక్కుంటాను. నా చేతులు చూసి ఎవరూ తమ జబ్బు పేరు తెలుసుకోకూడదు. పుస్తకాల్లో శుభ్రత కోసమని రాస్తారు. నేను ఆయన కోసం చేస్తున్నాను.

మందుల కోర్సు పూర్తయింది. వేళ్ళు వంకరపోలేదు. తిమ్మిరి మాత్రం కొంత ఉండిపోయింది. మాస్టర్ మళ్ళీ పొయ్యిల దగ్గర చేరారు. ఇప్పుడు మందపాటి గుడ్డ లేకుండా డేగిషా ముట్టుకోరు. "మాస్టర్ ముసలోడయ్యిండు, నిప్పుకు బెదురుతుండు" అని పిల్లలు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకుంటారట.

పోయిన ఏడాది మా క్లినిక్ పక్క షాపాయన కూతురి పెళ్ళిలో ఆయనదే వంట. వడ్డించేవాళ్ళు చాలక తనే గిన్నె పట్టుకుని బంతిలోకి వచ్చారు. వద్దంటున్నా వినకుండా ఒక్కొక్కరి విస్తట్లో బగారన్నం కుమ్మరించుకుంటూ, పరాచికాలాడుకుంటూ వస్తున్నారు. నా పక్కనున్న ఆమె చేయి అడ్డం పెడితే, చేయి తప్పించి మరీ వేశారు.

నా దగ్గరికి వచ్చి ఆగారు. గరిటె గిన్నెలోనే ఉంది.

"పెట్టాల్నా మేడం?" అని అడిగారు.