ఆ రాజు ఎన్నాళ్ళు బతికాడు

మొన్న మనవరాలు ఫోన్లో కొరియా సీరియల్ చూస్తూ, "అవ్వా, ఇట్లాంటి రాజులు నిజంగా ఉండిరా?" అని అడిగింది. కిరీటం చూసి చెప్పలేను, సంవత్సరం చెప్పమన్నాను. దానికి తెలీదు. నాకు మాత్రం ఒక రాజు గుర్తొచ్చాడు.

అప్పట్లో నేను జమ్మలమడుగులో మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పేదాన్ని. తేదీ తప్పితే అర మార్కు కోసేదాన్నని పిల్లలు చాటుగా నన్ను పంచాంగం అనేవారు. ఊళ్ళలో పార్టీల పగలు రగులుతున్న కాలం; బస్సులో పక్కన కూర్చున్నవారు ఎవరి మనుషులో తెలిసేదాకా ఎవరూ నోరు విప్పేవారు కాదు. ఒకరోజు బౌద్ధం పాఠంలో పిల్లలు తూగుతుంటే, పాఠంలో లేని, వేరే చరిత్ర పుస్తకంలో నేను చదివిన సంగతి ఒకటి చెప్పాను. కొరియాలో బెక్జే అనే రాజ్యం. దాని రాజు బౌద్ధుల గుడి కట్టడం తలపెట్టి, ముప్పై మందికి సన్యాసం ఇప్పించాడు. ఎవరూ ప్రాణం తీయకూడదని ఆజ్ఞ వేసి, ఇళ్ళలోని వేట డేగలను వదిలించి, వలలూ వేట సామానూ తగలబెట్టించాడు.

మూడో రోజు బడి ముందు జీపు ఆగింది. దిగినాయన పెద్దముడియం వైపు ఒక పార్టీకి పెద్ద. ఆయన కూతురు నా పదో తరగతిలో చదువుతోంది. పరీక్షలకు నెల ఉంది. కుర్చీ వేసినా కూర్చోలేదు. తలుపుకు వీపు పెట్టడం ఆయనకు అలవాటు లేదు.

"ఏంది టీచరమ్మా, సామాను కాల్చమని పాఠం చెప్తాండావంట. ఎవురు చెప్పమన్నారు?" సామానంటే ఆ ఊళ్ళలో కత్తులు, బాంబులు.

"పుస్తకంలో ఉందప్పా. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి రాజు."

"మా ఇంట్లో ఏముందో బిడ్డ నోటెంట రాబట్టల్లనా? అవతలోళ్ళ పనైతే బిడ్డను ఇప్పుడే తీసకపోతా. పరీక్షా వద్దు, ఏమీ వద్దు."

ఆ పిల్ల వరండాలో పుస్తకాల సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"సరే, కాల్చినంక ఆ రాజు ఎన్నేండ్లు బతికినాడు?" అన్నాడాయన.

చాలా ఏళ్ళంటే పిల్లకు మేలేమో అనిపించింది. పదిహేనని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తేదీ దగ్గర నాకు అబద్ధం రాదు.

"ఆజ్ఞ 599 చివర్లో. 600 నడిమికి పోయాడు. ఆరు నెలలు."

"ఎవురు సంపినారు?"

"రాసి లేదు."

ఆయన మొదటిసారి నవ్వాడు. "రాయలేదంటే సంపినట్టే. నువ్వు అవతలోళ్ళ మనిషివైతే నూరేండ్లు బతికినాడని చెప్పింటావు. సదువుకోనీలే దాన్ని."

ఆ పిల్ల పరీక్ష రాసింది, ప్రొద్దుటూరులో టీచరైంది. ఆ జీపు వచ్చిన రెండేళ్ళకు పెద్దమనుషులు రెండు పార్టీలనూ రాజీకి పిలిస్తే, ఆయుధాలు అప్పగించేది లేదని ఆయన ఒక్కడే లేచి వెళ్ళిపోయాడట. ఆ మాటలో నా ఆరు నెలలు ఎంత ఉన్నాయోనని ఆనాడు అనుమానం పట్టింది, ఇంకా వదల్లేదు. జరిగిపోయిన ఏ తేదీ అడిగినా చెప్పగలను. విన్నవాడి లోపల అది ఎన్నేళ్ళు నడుస్తుందో మాత్రం నా లెక్కకు అందలేదు.