మావ తలగడ కింద కొబ్బరినూనె వాసన

ఒరే నా ఈడోళ్లూ, నిన్న మా అమ్మాయి తలగడ దగ్గర గుప్పుమని కొబ్బరినూనె వాసన. మా అమ్మమ్మ గుర్తొచ్చేసింది.

అప్పట్లో మా చిన్నమావ విజయనగరం వెళ్లి బేస్‌బాల్ ఆడొచ్చేవాడు. ఇంట్లో నూనె సీసా ఊరికే అయిపోయేది, చేపల వల అల్లే దారం మాయమయ్యేది. ఏదో పిల్ల వెనకాల తిరుగుతన్నాడని అమ్మమ్మకి అనుమానం. ఓరోజు మావ స్నానానికెళ్లగానే తలగడ ఎత్తేసింది. నూనె పూసి, మధ్యలో బంతి పెట్టి, మా వలదారంతో బిగించి కట్టిన తోలు గ్లౌజు! మావ రాగానే నిలదీసింది.

"ఇదేటిరా? మనిషి సెయ్యేనా ఇది?"

"బంతి పట్టే తొడుగే అమ్మా. ఇలా కట్టి పెడితే మెత్తబడతాది."

అమ్మమ్మ నమ్మలేదు. మావకి ఆ ఆటతోనే ఉద్యోగం వచ్చినా, ఆనక కోచ్ అయినా నమ్మలేదు. "బంతి పట్టడం కూడా ఒకడు నేర్పాలేటి? ఈడు ఇంకేదో సేస్తన్నాడు" అనేది, పోయేదాకా.

ఇప్పుడు మా అమ్మాయికి కోచ్ ఆ మావే. తలగడ ఎత్తితే దారంతో కట్టిన గ్లౌజు. అయినా మనసాగలేదు, ముడి విప్పి చూసేను. లోపల బంతే ఉంది. మళ్లీ కట్టేసేను.

పొద్దున్నే మా అమ్మాయి ఆ ముడి వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"నాన్నా, ఇది నేనేసిన ముడి కాదు."

అచ్చం అమ్మమ్మ చూపే.