మొదటి ఎనిమిది తూటాలు

అమెరికాలో అరోరా అనే ఊళ్లోని తెలుగువాళ్లలో చాలామందికి నరసింహ అంటే శశికళగారి భర్త, అంతే. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఆయన ఆమె వీసా మీద వెనకే వచ్చాడు. విశాఖపట్నంలో ఐటిఐ చదివి, ఓడల మరమ్మతు షెడ్డులో పద్నాలుగేళ్లు ఫిట్టరుగా పనిచేసిన మనిషి. విందుల్లో ఎవరైనా "మీరే కంపెనీలో ఇంజనీరండీ?" అని అడిగితే, "ఇంజనీర్ని కాదండి, ఆకురాయి పట్టి ఇనుము అరగదీస్తాను" అనేవాడు. అడిగినవాడు చేతిలో ప్లేటుతో మెల్లగా ఇంకో గుంపులోకి జరిగిపోయేవాడు. అది చూసి నాకు ఒళ్లు మండేది. ఆయనకి మండేది కాదు.

నేను ఆయన పక్క బల్ల దగ్గరే పనిచేసేవాణ్ణి. వాల్టర్ అనే ముసలాయన షాపు అది. పదకొండు మందిమి. వేటతుపాకులు బాగుచేసే ఆ షాపులో, 1982లో వాల్టర్‌కి సొంతంగా పిస్తోలు తయారుచెయ్యాలని బుద్ధి పుట్టింది. మొత్తం ఉక్కు. పైన ముందుకీ వెనక్కీ కదిలే స్లైడూ, అది కూర్చునే ఫ్రేమూ ఒకదానికొకటి చేత్తో అమర్చాలి. ఆ పని నరసింహది. ఆరు వారాలు పట్టింది. నీలం రంగు పూయడం, జోడించడం, విడదీయడం, ఎత్తు మిగిలి రంగు అంటిన చోట రెండుసార్లు గీకడం, మళ్లీ పూయడం. ఒక్కోరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన తీసిన ఇనుము గోరు మీద పట్టేది.

పని ముగిసిన శుక్రవారం వాల్టర్ మా బల్లల దగ్గరికి వచ్చి నరసింహ ముందు నిలబడ్డాడు. "అచ్చులో పోసిన అల్యూమినియం ఫ్రేములు వారంలో నలభై ఇస్తామంటున్నారు బయటివాళ్లు. రేపు ఇది సరిగ్గా పేలితే నలభై ఉక్కు ఫ్రేములూ నీ బల్ల మీదికే వస్తాయి. స్లైడు ఒక్కసారి ఇరుక్కున్నా ఈ బల్ల ఎత్తేస్తాను" అన్నాడు. అతని షాపులో ఒక కట్టుబాటు ఉంది. తుపాకీ ఎవరు అమరిస్తే మొదటి తూటాలు వాళ్లే కాల్చాలి. తుపాకీయే పగిలి చేతులు పోతే అమర్చినవాడివే పోవాలని.

నరసింహ జన్మలో తుపాకీ కాల్చలేదు.

శనివారం పొద్దున్న ముగ్గురం ఊరి బయట తుపాకులు కాల్చి చూసే రేంజికి వెళ్లాం. పొడుగాటి రేకుల షెడ్డు, అడ్డుపలకలతో వేరుచేసిన గళ్లు, ఎదురుగా ఇసుక గోడ. అక్కడి అధికారి ఫ్రాంక్. యుద్ధంలో ఒక చెవి పోగొట్టుకున్నవాడు. వాల్టర్ పిస్తోలుకి చుట్టిన గుడ్డ విప్పాడు.

షాపులో ముక్కలుగా ఎన్నోసార్లు చూశాను. మొత్తంగా చూడటం అదే మొదలు. పాలిష్ లేదు, నగిషీ లేదు. వాన మబ్బు రంగు. అంచుల మీద వెలుతురు కదలకుండా నిలబడింది. స్లైడు ఎక్కడ ఆగి ఫ్రేము ఎక్కడ మొదలైందో కనిపెట్టడానికి వంగి చూడాల్సివచ్చింది. వాల్టర్ స్లైడు లాగి వదిలితే, బరువైన ఇనప్పెట్టె తలుపు పడ్డట్టు ఒకే ఒక్క చప్పుడు. లైబ్రరీలో ఆయుధాల మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను నేను. ఆ చప్పుడు ఏ పుస్తకంలోనూ లేదు.

"ఏటిరా భాస్కర్, అలా నోరు తెరిచావ్?" అన్నాడు నరసింహ.

"మీరు చేసిందేనా అంకుల్ ఇది?"

"నేను చేసిందేటి, అడ్డం వచ్చింది తీసేశానంతే."

ఎనిమిది తూటాలు నింపి, వాల్టర్ పిస్తోలు ఆయన చేతికి ఇచ్చాడు. నరసింహ రెండు చేతులతో అందుకున్నాడు. అందుకుని, కొత్త పనిముట్టు ఏది చేతికొచ్చినా చేసే పనే చేశాడు. ఎత్తి కళ్లకద్దుకున్నాడు.

దాని మూతి పక్క గడిలో నిలబడ్డ మనిషి వైపు తిరిగింది.

"కదలకు!" ఫ్రాంక్ కేక షెడ్డంతా మోగింది. రెండడుగుల్లో వచ్చి నరసింహ మణికట్టు పట్టుకుని, పిస్తోలు ఇసుక గోడ వైపు తిప్పి, లాక్కున్నాడు. "బయటికి పో! ఈ రోజుకి నీ పని అయిపోయింది."

నరసింహ "క్షమించండి, క్షమించండి" అంటూ పక్క గడి మనిషికి దణ్ణం పెట్టాడు. ఆ మనిషికి ఏమీ అర్థం కాలేదు.

వాల్టర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "అమర్చినవాడు కాల్చకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే సోమవారం నేను బయటివాళ్లకి ఫోన్ చెయ్యాలి."

నేను ఫ్రాంక్‌కి అడ్డం నిలబడ్డాను. "వెక్కిరింతకి చేసింది కాదు సార్. కొత్త ఆకురాయి వచ్చినా ఆయన ఇలాగే చేస్తాడు. కూడు పెట్టే పనిముట్టుని మేము కళ్లకద్దుకుంటాం."

"కూడు పెట్టేది ప్రాణం కూడా తీస్తుంది."

"తెలుసు సార్" అన్నాడు నరసింహ వెనక నుంచి. "తప్పు నాదే. మీరు చెయ్యి పట్టుకోవడమే మంచిదైంది."

ఫ్రాంక్ తూటాలు తీసేసి, పిస్తోలును బల్ల మీద ఇసుక గోడ వైపు పెట్టాడు. "ఇక్కడ తుపాకీ మనిషి దగ్గరికి రాదు. మనిషే దాని దగ్గరికి వెళ్లాలి. నీ మొక్కేదో అలా మొక్కుకో. తర్వాత నేను నీ భుజం వదలను."

నరసింహ వంగి, వేళ్లకొసలతో ఉక్కును తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకున్నాడు. ఫ్రాంక్ మళ్లీ తూటాలు నింపి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

మొదటి దెబ్బకి నా ఛాతీలో ఏదో కదిలింది. రెండోది. మూడోది. స్లైడు వెనక్కి వెళ్లడం కంటికి ఆనలేదు, ఎగిరిపడ్డ ఇత్తడి గొట్టాలే కనిపించాయి. నేను లెక్కపెట్టాను. ఎనిమిదీ పేలాయి. గురి కోసం నిలబెట్టిన అట్ట మీద మూడే తగిలాయి. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ ఇనుము ఎనిమిదిసార్లు అంత భయంకరంగా విడిపోయి, ఎనిమిదిసార్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా తన చోటుకి వచ్చి కూర్చుంది. దాన్ని అలా కూర్చోబెట్టిన చేతులు నా పక్కనే పిస్తోలును మెల్లగా బల్ల మీద పెట్టాయి.

"సోమవారం నలభై ఫ్రేములు" అన్నాడు వాల్టర్.

నరసింహ స్లైడు విప్పించుకుని, బొటనవేలుతో లోపలి గాడి తడుముతున్నాడు. "అప్పుడే వద్దు సార్. ఇక్కడ రాసుకుంటోంది."

"అంకుల్, ఊరుకోండి! గెలిచారు కదా" అన్నాను తెలుగులో, పళ్ల బిగువున.

"గెలవడమేటిరా? ఎనిమిదికి పేలింది. ఎనిమిది వందలకి పేలదు" అని, అదే మాట వాల్టర్‌తో ఇంగ్లీషులో చెప్పాడు.

వాల్టర్ కళ్లజోడు సవరించుకుని చూశాడు. ఏమీ కనబడలేదు. బయటివాళ్లకి ఫోన్ చేస్తానంటాడేమో అనుకున్నాను. అతను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని బొటనవేలు చాపాడు. నరసింహ ఆ వేలు పట్టుకుని, గాడిలోకి తీసుకెళ్లి మెల్లగా నడిపించాడు.

"ఇక్కడ."

ముసలాయన వేలు ఒకచోట ఆగింది. మళ్లీ వెనక్కి వెళ్లి, మళ్లీ అక్కడే ఆగింది.

"ఉంది" అన్నాడు వాల్టర్. "నువ్వు సరే అనేదాకా ఆ నలభై ఆగుతాయి."