దానికెవరు చెప్పిండ్రు?

కాలిన ఇనుము వాసన ముక్కుకు సోకిన క్షణంలోనే నా చెవిలోని ఫోన్ ఎంతో ధీమాగా, "మీరు గమ్యం చేరుకున్నారు" అంది. నేను వెళ్ళవలసింది షాద్‌నగర్‌లోని ఒక బ్యాంకుకు. బ్యాంకులో వెల్డింగ్ చేయరు. చేతికర్ర ఆనించి నిలబడి, పక్కనుంచి పోతున్న ఒకాయనను ఆపాను. "ఇది బ్యాంకేనా?" అని అడగలేదు. "ఇక్కడ ఏమేం ఉన్నాయండీ?" అని అడిగాను. వెల్డింగ్ దుకాణం, దాన్ని ఆనుకుని టైర్ల షాపు, రోడ్డుకు అవతల బ్యాంకు అని ఆయన ఓపికగా చెప్పాడు. ఆ తీరున అడగడం నా సొంత తెలివి కాదు. మార్తమ్మ మేడం నేర్పింది.

మేడం మహబూబ్‌నగర్‌లో మా డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం బోధించేవారు, చర్చా పోటీలకు మమ్మల్ని తయారు చేసేవారు. హుజూర్‌నగర్ వైపు కూలిపనులు చేసుకుని బతికిన క్రైస్తవ కుటుంబం వారిది. ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకు ఆమె చూపు మెల్లమెల్లగా పోయింది. నేను పుట్టుకతోనే చూడలేను. ఆ కారణంగా నన్ను ప్రత్యేకంగా ఆదరిస్తారని ఆశపడ్డాను. ఆమె నన్ను ప్రత్యేకంగా అనుమానించారు.

నా తొలి చర్చాంశం, సాంకేతికత అంధులను స్వతంత్రులను చేసిందనేది. మాది కోస్గి, నా చదువు కోసం మహబూబ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. ఆటో నడిపే మా అన్న శ్రీను కొత్త ఫోన్ కొని, దారి చెప్పే యాప్ వేసి, అన్నీ సరిచేసి ఇచ్చాడు. ఆ ఉత్సాహంలో, పోస్టాఫీసుకు దారి కూడా ఫోనే చెబుతుందంటూ ధారాళంగా మాట్లాడాను. చప్పట్లు ఆగేదాకా మేడం ఆగారు.

"కాలేజీకి కుడి పక్క పోస్టాఫీసు ఉందని నీకెవరు చెప్పిండ్రు?"

"ఫోన్ చెప్పింది మేడం."

"దానికెవరు చెప్పిండ్రు?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. "నవ్వుడెందుకు? రేపు మిమ్మల్ని గూడ అడుగుత," అన్నారామె అటు తిరిగి.

మరునాడు నన్ను వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు బయలుదేరారు. ఫోన్ నేరుగా వెళ్ళమంది. కర్రకు మాత్రం నేల అందలేదు. నీళ్ళ పైపుల కోసం రోడ్డు తవ్వి పెట్టారు. ఎదుటి కొట్టులోంచి ఒకామె, "గటు పోకుండ్రమ్మా, గిట్ల తిరిగి రాండ్రి!" అని కేకవేసింది. "అక్కా, నీ చెయ్యి ఏ దిక్కు చూపిస్తాందో మాకేమెరుక? జర నోటితోని చూపియ్యి," అన్నారు మేడం. కొట్టులోని ఆమె పకపకా నవ్వి, మా వెనకున్న గోడను పట్టుకుని నడవమంది. గోడ వెంట నడుస్తూ మేడం నాకు పాఠం చెప్పారు. మనల్ని చూడగానే జనానికి జాలి కలుగుతుంది. ఇదేనా తొవ్వ అని అడిగితే, మనసు నొప్పించడం ఇష్టంలేక అవునంటారు. "అవును అనిపిచ్చుకునే ప్రశ్న ఎన్నడూ అడగకు బిడ్డా. వాళ్ళకు తెలిసింది వాళ్ళ నోటెంబడే రానియ్యి."

అది నాకు అతిగా తోచింది. మంచి మనుషులను కూడా ముద్దాయిల్లా నిలబెట్టడం న్యాయమా అని వాదించాను. "వాళ్ళు మంచోళ్ళే. కాలు ఇరిగేది మాత్రం నీది," అన్నారామె.

డిగ్రీ పూర్తికాగానే షాద్‌నగర్‌లో ఒక కంపెనీ నాకు ఉద్యోగం ఇస్తానంది. ఫోన్లో వినియోగదారుల ఫిర్యాదులు విని పరిష్కరించే పని. గంజ్‌లో హమాలీగా బస్తాలు మోసే నాయిన ఒక షరతు పెట్టాడు. ఒక్కదాన్నే షాద్‌నగర్ పోయి రావాలి. రాగలిగితే కొలువు, లేకుంటే ఇల్లు. నేను ఒప్పుకున్నాను. వెళ్ళాను, కంపెనీ గేటు పట్టుకున్నాను, తిరిగి వచ్చాను. ఆ సాయంత్రం గెలిచిన జట్టు నాయకురాలిలా అన్నానికి కూర్చున్నాను.

అన్న మెచ్చుకున్నాడు. "శబాష్ చెల్లె! గని, టింబర్ డిపో కాడ గంతసేపు నిలవడ్డవేంది?"

డిపో సంగతి నేనెవరికీ చెప్పలేదు. నన్ను కనిపెట్టి ఉన్నావా అని అడిగితే లేదంటాడని తెలుసు. అందుకని ముద్ద కలుపుతూ, "ఇంకా ఏడేడ నిలవడ్డనే అన్నా?" అన్నాను. పాపం, ఎంతో గర్వంగా వరుసగా చెప్పేశాడు: బస్టాండు బయట, మెడికల్ షాపు ముందు, ఒకసారి తప్పు సందులోకి తిరిగిన చోట కూడా. అన్నం చల్లారిపోయింది. ఫోన్ తీసి అమరికలన్నీ ఒక్కొక్కటిగా చదివించుకున్నాను. ఒకచోట అది ఏ సంకోచమూ లేకుండా, నా స్థానాన్ని శ్రీనుతో పంచుకుంటున్నట్టు చెప్పింది. అది అబద్ధమాడలేదు. నేను అడిగేదాకా చెప్పలేదు, అంతే.

"నీ మంచికే పెట్టిన," అన్నాడు అన్న.

మేడం దగ్గరికి వెళ్ళి, అన్న చేసింది తప్పని, దాన్ని ఆపేస్తానని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను. ఆమె నా పక్షం వహించలేదు. "బంద్ చేసి పోయినవనుకో. తప్పిపోతే ఎవరిని పిలుస్తవ్?" అని అడిగారు.

"అన్ననే పిలుస్త."

"మరి వానితోని లొల్లెందుకు?"

"పిలిచేది నేను, మేడం. పిలవకముందే చూసుడెందుకు?"

"గిది మీ నాయినకు చెప్పు. నాకెందుకు చెప్తవ్?" అన్నారు. ఆమె గొంతులో నవ్వు విన్నట్టనిపించింది; ఖాయంగా చెప్పలేను.

నాయినతో ఇలా అన్నాను: "ఒక్కదాన్నే పోయి రమ్మన్నవ్. అన్న కండ్లు నా ఎంబడే ఉన్నయ్. నేను ఒక్కదాన్ని పోలే. షరతు తీరలే. మళ్ళ పోత." గెలిచిన పందేన్ని నా చేతులతో నేనే రద్దు చేసుకుంటున్నానని తెలుసు. ఈసారి ఆయన కాదంటే ఉద్యోగం పోతుంది.

"ఏమన్నైతే?" అన్నాడు నాయిన.

"అన్న ఆటో ఏసుకుని పోతే నీకు ఫోన్ల కనవడతడా?"

"వాడు మొగపిలగాడు," అని మొదలుపెట్టి, ఆ మాట తన చెవికే బాగాలేనట్టు ఆగిపోయాడు. తలగుడ్డ దులిపిన చప్పుడైంది. "పో. గని పొద్దుగూకకముందే రా," అన్నాడు చివరికి.

ఫోన్‌లో ఆ పంచుకోవడం ఆపేసి రెండోసారి వెళ్ళినప్పుడు నేనెక్కడున్నానో నాకు, నేను అడిగినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. భయం వేసింది. ఆ భయం కూడా నాకు నచ్చింది. తిరిగి వచ్చాక నాయిన, "ఏడేడ తిరిగినవ్?" అని అడిగాడు. చెప్పాలనుకున్నంత చెప్పాను. ఆయన అంతటితో ఊరుకున్నాడు. మరుసటి వారమే ఉద్యోగంలో చేరాను.

మేడం ఇప్పుడు లేరు. ఆమె పద్ధతిలో లోపం లేదని నేననను. అంతగా అనుమానించే మనిషికి స్నేహితులు తక్కువ, చివరి రోజుల్లో పలకరించేవాళ్ళు లేని ఆమె గదిలో ఆ సంగతి వినిపించేది. అయినా ఆ అలవాటు నన్ను వదల్లేదు. ఫోన్‌లో మార్పులు జరిగిన ప్రతిసారీ ఆ అమరికలే తెరిచి, నా స్థానం ఎవరెవరికి తెలుస్తున్నదని అడుగుతాను. ఎవరికీ తెలియడం లేదని అది చెబుతుంది. సరేనని, ఇంకొకసారి అడుగుతాను.